శుక్రకణం నడిచే దారి

పల్నాటి రైతు తన ఎద్దుకు జబ్బు చేస్తే ఏ అవయవానికి చేసిందో పేరు పెట్టి చెప్పగలడు. తన నడుము నొప్పిని, మోకాటి వాపును, గుండె దడను కూడా వివరంగా చెప్పగలడు. నాభికి దిగువన ఏదైనా తేడా వస్తే మాత్రం మాట తడబడుతుంది. “అక్కడ”, “కింద”, “ఆ తావున” అంటాడు. నకరికల్లు పరిసర గ్రామాలలో వైద్యం చేసిన సంవత్సరాలలో ఈ “అక్కడ” అన్న మాటను నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను. కంపౌండరును బయటికి పంపి, తలుపు వేసి, కాగితం మీద బొమ్మ గీసి చూపిన తరువాతగాని అసలు బాధ ఏమిటో తేలేది కాదు.

పేరు లేని అవయవం చుట్టూ భయం పెరుగుతుంది. భయం చుట్టూ బస్టాండు గోడల మీది ప్రకటనలు పెరుగుతాయి. ఆ భయం మగవాని దగ్గరే ఆగిపోతే నష్టం కొంతే. మన ప్రాంతంలో దాని భారాన్ని ఎక్కువగా మోస్తున్నది ఆడవారు. ఆ సంగతి చెప్పడానికి ముందు మగవాని శరీరంలో శుక్రకణం ఎక్కడ పుట్టి, ఏ దారిన నడిచి, ఎట్లా బయటికి వస్తుందో క్రమంగా వివరిస్తాను. ఆ దారి తెలిస్తే మిగిలిన సందేహాలలో చాలా భాగం వాటంతట అవే తీరిపోతాయి.

చల్లని తావు

ముష్కాలు లేక వృషణాలు రెండు. తల్లి గర్భంలో శిశువు పెరుగుతున్నప్పుడు ఇవి మొదట కడుపులో, మూత్రపిండాలకు దిగువన ఏర్పడతాయి. క్రమంగా కిందికి జారి, గర్భం చివరి నెలలలో గజ్జల గుండా ముష్కగోణి అనే సంచిలోకి చేరుకుంటాయి. గుండెకు, ఊపిరితిత్తులకు ఎముకల గూడు కట్టిన ప్రకృతి వంశాన్ని నిలిపే ఈ గ్రంథులను మాత్రం పలుచని చర్మపు సంచిలో శరీరం వెలుపల ఎందుకు వేలాడదీసింది? దీనికి కారణం ఉష్ణోగ్రత. శరీరం లోపలి వేడి 37 డిగ్రీలు. శుక్రకణాలు సవ్యంగా తయారు కావాలంటే అంతకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి.

ఆ చల్లదనాన్ని కాపాడడానికి అక్కడ చక్కని ఏర్పాటు ఉన్నది. చలి వేసినప్పుడు సంచి ముడుచుకొని ముష్కాలను శరీరానికి దగ్గరగా లాగుతుంది. ఎండకాలంలో సడలి కిందికి దించుతుంది. ఈ పని చేసే కండరాలు మన ప్రమేయం లేకుండానే నడుస్తాయి. అంతేకాక, ముష్కానికి రక్తం తెచ్చే ధమని చుట్టూ చల్లబడిన రక్తాన్ని తిరిగి తీసుకుపోయే సిరలు తీగల పందిరిలా అల్లుకొని ఉంటాయి. లోపలికి వచ్చే వేడి రక్తం ఆ పందిరి గుండా రావడంతో దారిలోనే కొంత చల్లబడుతుంది.

ఒక ముష్కం మరొకదానికంటె కొంచెం కిందికి వేలాడడం సహజం. ఎక్కువమందిలో ఎడమది కిందికి ఉంటుంది. దీనిని జబ్బుగా భావించి రాత్రులు నిద్రపోని యువకులను నేను చాలామందిని చూశాను. అది జబ్బు కాదు.

పైన చెప్పిన సిరల పందిరి ఉబ్బి మెలికలు తిరిగితే దానిని వేరికోసీల్ అంటారు. సాధారణంగా ఎడమ వైపున వస్తుంది. నూరుమంది మగవారిలో సుమారు పదిహేనుమందికి ఇది ఉంటుంది. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. కొందరిలో మాత్రం ఆ తావు వేడెక్కి శుక్రకణాల సంఖ్య తగ్గుతుంది. మనకు ఇరుగున ఉన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరు. బట్టీల వద్ద, బేకరీలలో, వెల్డింగు పనిలో దీర్ఘకాలం వేడిని భరించే వారికి సంతానం ఆలస్యమైతే వైద్యుడు అడగవలసిన మొదటి ప్రశ్నలలో వృత్తి గురించిన ప్రశ్న ఒకటి.

రెండున్నర నెలల తయారీ

ఒక్కొక్క ముష్కం నిలువున నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. దాని లోపల సుమారు 250 చిన్న గదులు, ఒక్కొక్క గదిలో ఒకటి నుండి మూడు వరకు దారపు ఉండవలె చుట్టుకొన్న సన్నని గొట్టాలు ఉంటాయి. వీటిని శుక్రోత్పాదక నాళికలు అంటారు. విప్పి వరుసగా పరిస్తే వందల మీటర్ల పొడవు వస్తాయి. ఈ నాళికల గోడలలోని మూలకణాలు విభజన చెంది, తల, నడుము, తోక గల శుక్రకణాలుగా మారడానికి ఇంచుమించు 74 రోజులు పడుతుంది.

అక్కడి నుండి శుక్రకణాలు ముష్కం వెనుక భాగాన అతుక్కొని ఉన్న ఎపిడిడైమిస్ అనే భాగంలో ప్రవేశిస్తాయి. ఇది దాదాపు ఆరు మీటర్ల పొడవు గల ఒకే గొట్టం. చుట్టలు చుట్టలుగా మడతపడి చిటికెన వేలంత చోటులో ఒదిగి ఉంటుంది. ముష్కం నుండి వచ్చిన కణానికి అప్పటికింకా ఈదే శక్తి ఉండదు. ఈ గొట్టంలో ఒకటి రెండు వారాలు గడిపిన తరువాతే దానికి ఆ శక్తి వస్తుంది. అంటే ఈ రోజు వీర్యంలో కనిపించే కణం సుమారు మూడు నెలల క్రితం తయారు కావడం మొదలుపెట్టినది. తీవ్రమైన జ్వరం వచ్చినా, పొగాకు మానినా, మందు వేసుకున్నా దాని ఫలితం వీర్య పరీక్షలో కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. “పది రోజుల్లో కణాలు రెట్టింపు” అని ఎవరైనా సీసా చేతికిస్తే, ఈ లెక్క గుర్తు చేసుకుంటే చాలు.

ఈ కణాన్ని మనిషి మొదటిసారి చూసినది 1677లో. హాలండుకు చెందిన లీవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకాలతో చూసి లండనులోని రాయల్ సొసైటీకి రాశాడు. ఆయన బట్టల వర్తకుడు, వైద్యుడు కాదు. వీర్యాన్ని గూర్చి రాస్తున్నందుకు సభ్యులు అసహ్యపడితే ఆ లేఖను ప్రచురించనక్కరలేదని కూడా ఆయన విన్నవించుకున్నాడు. మూడువందల యాభై సంవత్సరాలు కావస్తున్నా ఆ సంకోచం మనలను వదలలేదు.

గొట్టము, గ్రంథులు

ఎపిడిడైమిస్ చివరి నుండి శుక్రవాహిక మొదలవుతుంది. ఒక్కొక్క వైపు ఒక్కొక్కటి, సుమారు 30 నుండి 45 సెంటీమీటర్ల పొడవు, గట్టి కండరపు గోడ. ముష్కగోణి పైభాగాన చర్మం మీద వేళ్లతో నొక్కి చూస్తే గట్టి తాడువలె తగిలేది ఇదే. ఇది గజ్జల గుండా పొత్తికడుపులోకి పోయి, మూత్రాశయం వెనుకకు తిరిగి, అక్కడి శుక్రాశయపు నాళంతో కలుస్తుంది. అలా కలిసిన గొట్టం పౌరుషగ్రంథి, అంటే ప్రోస్టేట్, గుండా మూత్రనాళంలో తెరుచుకుంటుంది. మూత్రనాళం పురుషాంగం గుండా బయటికి వస్తుంది. మూత్రానికి, వీర్యానికి బయటి దారి ఒక్కటే. స్ఖలన సమయంలో మూత్రాశయపు ముఖం బిగుసుకుంటుంది. కనుక రెండూ కలవవు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. వీర్యము, శుక్రకణాలు ఒకటే అని అధికులు అనుకుంటారు. అది సరికాదు. ఒకసారి వెలువడే వీర్యం రెండు నుండి అయిదు మిల్లీలీటర్లు. అందులో మూడింట రెండు వంతులు శుక్రాశయాల నుండి, మిగిలిన దానిలో ఎక్కువ భాగం ప్రోస్టేట్ నుండి వస్తుంది. ముష్కాల నుండి వచ్చే భాగం నూటికి అయిదు పాళ్లు కూడా ఉండదు. ఆ కొద్ది భాగంలోనే కోట్ల కణాలు ఇమిడి ఉంటాయి. ఒక్కొక్క కణం పొడవు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే.

రెండవ విషయం మరింత ముఖ్యం. ముష్కాలకు రెండు పనులున్నాయి. ఒకటి కణాలను తయారుచేయడం. రెండవది టెస్టోస్టిరోన్ అనే హార్మోనును తయారుచేయడం. నాళికల మధ్యనున్న లేడిగ్ కణాలు ఈ రెండవ పని చేస్తాయి. మీసం, గడ్డం, గొంతు, కండబలం, లైంగిక వాంఛ, వీటన్నిటికీ ఆధారం ఈ హార్మోనే. ఇది శుక్రవాహికలోకి పోదు. నేరుగా రక్తంలో కలుస్తుంది. కాలువకు తూము వేరు, చేనుకు బోరు వేరు అన్నట్టు ఈ రెండు దారులకూ సంబంధం లేదు. సాగరు కుడి కాలువ కింద వ్యవసాయం చేసే మా రైతులకు ఈ మాట చెబితే వెంటనే అర్థమయ్యేది.

వేసెక్టమీలో తెగేది ఏది?

పైన చెప్పిన రెండు సంగతులు మనసులో ఉంచుకొని ఇప్పుడు వేసెక్టమీని గమనించండి. ఈ శస్త్రచికిత్సలో కోసి ముడివేసేది శుక్రవాహికను మాత్రమే. ముష్కాలను తాకరు. రక్తనాళాలను, నరాలను తాకరు. హార్మోను ఎప్పటివలెనే రక్తంలో కలుస్తూ ఉంటుంది. శుక్రాశయాలు, ప్రోస్టేట్ యథాప్రకారం పనిచేస్తాయి. కనుక వీర్యం పరిమాణంలో తేడా కంటికి కనిపించదు. అంగస్తంభన, వాంఛ, తృప్తి, బలం, ఏవీ తగ్గవు. ముష్కాలలో కణాలు తయారవుతూనే ఉంటాయి. బయటికి దారి లేనందున శరీరం వాటిని కరిగించి తనలో కలుపుకుంటుంది.

1974లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో లీ షున్‌చియాంగ్ అనే వైద్యుడు కత్తి అవసరం లేని పద్ధతిని రూపొందించాడు. మత్తు సూది ఆ చోటుకే ఇచ్చి, మొనదేలిన పరికరంతో చర్మానికి చిన్న రంధ్రం చేసి, దాని గుండానే రెండు వైపుల శుక్రవాహికలను వెలుపలికి తీసి ముడివేస్తారు. కుట్టు అవసరం ఉండదు. పావుగంట, ఇరవై నిమిషాలలో పూర్తవుతుంది. 1990ల నుండి మన దేశంలోను ప్రభుత్వం ఈ పద్ధతిలో వైద్యులకు శిక్షణ ఇస్తున్నది. మనిషి ఆనాడే నడిచి ఇంటికి పోవచ్చు. రెండు రోజుల విశ్రాంతి, వారం రోజుల పాటు బరువులు ఎత్తకపోవడం, బిగుతైన లోదుస్తు ధరించడం సరిపోతుంది.

లోపాలను కూడా చెప్పవలసి ఉన్నది. కొద్దిమందికి ఆ చోట రక్తం గూడు కట్టవచ్చు, చీము పట్టవచ్చు. నూటికి ఒకరిద్దరికి చాలాకాలం నొప్పి ఉండవచ్చు. తిరిగి అతికించే శస్త్రచికిత్స ఉన్నప్పటికీ ఫలితం ఖాయం కాదు. కాబట్టి దీనిని శాశ్వత పద్ధతిగానే భావించాలి. లైంగిక వ్యాధుల నుండి ఇది రక్షణ ఇవ్వదు. ముఖ్యంగా, ముడివేసిన చోటికి అవతల, దారిలో అప్పటికే ఉన్న కణాలు ఖాళీ కావడానికి మూడు నెలలు పడుతుంది. అంతవరకు నిరోధ్ వంటిది వాడి, తరువాత వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని వైద్యుడు చెప్పిన పిదపనే నిశ్చింతగా ఉండాలి. ఈ పరీక్షకు రాకపోవడం వలన కలిగిన గర్భాలు భార్యలను నిష్కారణంగా శంకించడానికి దారితీసిన సందర్భాలు ఉన్నాయి. ఆ మూడు నెలల మాట భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వినవలసిన మాట.

ఒకప్పుడు మగవారే ముందున్నారు

ఈనాటి యువతకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటున్నది. భారతదేశం 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత, 1960లలోను, 1970ల తొలి సంవత్సరాలలోను కు.ని. ఆపరేషన్లలో అధిక భాగం మగవారికి జరిగినవే. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో జరిగిన ఒక్క శిబిరంలోనే 60 వేలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. ఎర్ర త్రికోణం గుర్తు గోడ గోడకూ కనిపించిన రోజులవి.

ఆ తరువాత అత్యవసర పరిస్థితి వచ్చింది. 1976-77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో 60 లక్షలకు పైగా మగవారివి. లక్ష్యాల పేర, నిర్బంధం పేర జరిగిన ఆ పని ప్రజల మనసులో లోతైన గాయం చేసింది. 1977 ఎన్నికల అనంతరం వేసెక్టమీ సంఖ్య ఒక్కసారిగా కుప్పకూలింది. మళ్లీ లేవలేదు. ఆ గాయం న్యాయమైనదే. ఒకరి శరీరం మీద మరొకరి నిర్బంధం ఏనాడూ తగదు. కాని దాని పర్యవసానం ఏమైంది? మగవారిని అడగడానికి ప్రభుత్వాలు జంకాయి. లక్ష్యాలు మాత్రం మిగిలాయి. అవి ఆడవారి వైపు తిరిగాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత 2019-21 మధ్య జరిగింది. ఆ లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 38. ఇక మన రాష్ట్రంలో పురుషుల శస్త్రచికిత్స మీద ఆధారపడిన దంపతులు నూటికి ఒక్కరు కూడా లేరు. స్త్రీల ఆపరేషన్లలో ఇంతటి అగ్రస్థానం గర్వించదగినదా, కాదా అన్నది ప్రతి ఇంటిలోను ఆలోచించవలసిన విషయం.

ట్యూబెక్టమీకి కడుపు తెరవాలి, లేదా లాప్రోస్కోపు పంపాలి. అండవాహికలు పొత్తికడుపు లోతులో, పేగుల చెంతన ఉంటాయి. అది సురక్షితమైన ఆపరేషనే, నిపుణులు శ్రద్ధగా చేస్తే. అయినా వేసెక్టమీతో పోల్చితే పెద్దది, అపాయం ఎక్కువ. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో జరిగిన శిబిరాల అనంతరం పదముగ్గురు స్త్రీలు మరణించారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో తీర్పునిస్తూ, ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్లలో నిలిపివేయాలని ప్రభుత్వాలకు సూచించింది.

మిరప కోతల కాలంలో నా వద్దకు ఒక జంట వచ్చారు. ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులూ ఆమెకు కష్టంగా జరిగాయి. రక్తహీనత తగ్గలేదు. ఇంతలో ఆమెకు కడుపు కోసే ఆపరేషన్ వద్దని, భర్త చేయించుకుంటే మేలని చెప్పాను. అతడు నొచ్చుకున్నాడు.

“మగోణ్ణండీ, బస్తాలు ఎత్తేవాణ్ణి. నాకు చేస్తే రేపు పనెట్టా చేస్తాను?”

“మరి ఆమె చేసేది పని కాదా?” అని అడిగాను.

ఆమె తలవంచుకొనే, “నేను పదైదు రోజులకే కోతకు పోతాను సారూ. పెద్దామె అప్పుడు అట్టాగే పోయాను” అన్నది.

అతడు కాసేపు మాట్లాడలేదు. కాగితం మీద బొమ్మ గీసి, శుక్రవాహికను చూపి, బలం ఇచ్చే హార్మోను ఈ గొట్టంలో పోదని వివరించాను. శ్రద్ధగా విన్నాడు. “మా అమ్మతో ఒకమాట చెప్పి వస్తాను” అని వెళ్లాడు. తిరిగి రాలేదు. కొన్ని నెలలకు ఆమె మరొక చోట ట్యూబెక్టమీ చేయించుకున్నదని ఏ.ఎన్.ఎం. ద్వారా తెలిసింది. అతడు చెడ్డవాడని నేను అనుకోలేదు. భార్య మీద ప్రేమ లేనివాడు ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి రాడు. అతనికి అడ్డుపడినది ప్రేమ లేకపోవడం కాదు, ఊరు ఏమనుకుంటుందోనన్న భయం. ఒక్క బొమ్మతో ఆ భయం పోదు. ఊళ్లో నలుగురు మగవారు చేయించుకొని, మళ్లీ బస్తాలు ఎత్తడం నలుగురి కంటా పడితే పోతుంది.

ఇప్పుడు కాలం మారిందని, జననాల రేటు తగ్గిందని, పిల్లలను ఎక్కువగా కనాలని పెద్దలు చెబుతున్నారు. ఆ చర్చ వేరు. ఇద్దరిని కన్నా, నలుగురిని కన్నా, ఇక చాలు అనుకున్న రోజున ఎవరి శరీరం మీద చిన్న గాటు పడాలి అన్న ప్రశ్న అట్లాగే ఉంటుంది.

“గొడ్రాలు” అన్న మాటకు జత ఏది?

తెలుగులో “గొడ్రాలు” అన్న మాట ఉన్నది. అదే అర్థంలో మగవానిని అనడానికి వాడుకలో ఒక మాట నేను నా జీవితంలో వినలేదు. భాషలో లేని ఆలోచన మనసులోకి త్వరగా రాదు. సంతానం కలగని దంపతులలో ఇంచుమించు సగం మందిలో మగవానివైపు లోపం తానొక్కటిగాగాని, స్త్రీ లోపంతో కలిసిగాని ఉంటుంది. అయినా ఆసుపత్రికి ముందు వచ్చేది కోడలు. ఆమెకు స్కానింగులు, హార్మోను పరీక్షలు, గర్భాశయంలో మందు పంపి తీసే ఎక్స్‌రేలు అన్నీ పూర్తయిన తరువాత, అప్పటికీ ఫలితం లేకపోతే, అప్పుడు భర్తను పిలుస్తారు. వీర్య పరీక్షకు ఖర్చు తక్కువ, నొప్పి లేదు, అరగంట పని. అది మొదట చేయవలసిన పరీక్ష.

రెండు నుండి ఏడు రోజుల వరకు సంయోగం లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణాల ప్రకారం వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, వాటిలో నూటికి 42 చలనం గలవిగా ఉండడం కనిష్ఠ ప్రమాణం. సహజ రూపం గల కణాలు నూటికి నాలుగు ఉన్నా చాలు. నాలుగు శాతం అన్న అంకె రిపోర్టులో చూసి కుమిలిపోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఒకసారి తక్కువ వస్తే కొన్ని వారాల ఎడంతో మరొకసారి చేయించాలి. తక్కువైనవారికి కారణం వెదకాలి. వేరికోసీల్, హార్మోను లోపం, గవదబిళ్ళల తరువాత ముష్కాలకు వచ్చిన వాపు, పొగాకు, మద్యం, కండల కోసం వాడే హార్మోను సూదులు, ఇవన్నీ విచారించాలి. వ్యాయామశాలలలో ఇచ్చే టెస్టోస్టిరోన్ సూది మగతనాన్ని పెంచుతుందని యువకులు నమ్ముతున్నారు. అది మెదడును మోసగించి ముష్కాలలో కణాల తయారీని ఆపివేస్తుంది.

ప్రత్తి, మిరప చేలల్లో పురుగుమందులు చల్లేవారికి కూడా ఒక హెచ్చరిక. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే మందు తయారుచేసే కర్మాగారంలో పనివారు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తమలో తాము మాట్లాడుకొని పరీక్షలు చేయించుకున్నారు. కొందరిలో కణాలు బాగా తగ్గాయి, కొందరిలో అసలు లేవు. పొలంలోని నులిపురుగులను చంపడానికి వాడిన మందు అది. ప్రతి పురుగుమందూ అట్టిది కాదు. అయినా ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు, ఒంటినిండా బట్ట, పని ముగిసిన వెంటనే స్నానం, ఇవి తప్పనిసరి.

ఏడేళ్లుగా సంతానం లేని ఒక దంపతుల విషయం చెబుతాను. అత్తగారే కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. “మావాడికేం డాక్టరు గారూ, పోతురాజులా ఉన్నాడు. దీని సంగతే చూడండి” అన్నది. కొడుకు వస్తేగాని వైద్యం మొదలుపెట్టనని చెప్పాను. పది రోజులకు వచ్చాడు. రెండుసార్లు పరీక్ష జరిగింది. రెండుసార్లూ వీర్యంలో కణాలు లేవు. కండబలం, గడ్డం, గొంతు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ముందు చెప్పినట్లు హార్మోను తయారీ వేరు, కణాల తయారీ వేరు. ఫలితాన్ని భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పాను. 1992 నుండి ఒక్క కణంతో కూడా అండాన్ని ఫలదీకరించే ఇక్సీ అనే పద్ధతి ఉన్నదని, ముష్కం నుండి కణాన్ని నేరుగా తీసే అవకాశాన్ని పెద్ద ఆసుపత్రిలో చూడవచ్చునని, దత్తత కూడా ఒక మార్గమని వివరించాను. అతడు లేచి గడప దగ్గర ఆగి, భార్యతో, “ఇంట్లో చెప్పమాకు” అన్నాడు. ఆమె సరేనన్నది.

ఆమె మాట తప్పలేదు. ఊరు ఆమెను గొడ్రాలనే అన్నది. పెళ్లి పేరంటాలకు పిలవడం మానిన ఇళ్లున్నాయి. నిజం తెలిసి మౌనంగా ఆ మాట మోసింది. రోగి రహస్యాన్ని కాపాడవలసిన వైద్యుడిగా నేను నోరు విప్పలేను. కాని ఈ వ్యాసం రాయగలను. కొడుకు పరీక్ష చేయించుకోకుండా కోడలిని నిందించే హక్కు ఏ ఇంటికీ లేదు. చేయించుకున్న తరువాత ఎవరినీ నిందించవలసిన అవసరమే లేదు, అది ఒక జబ్బు గనుక.

ధాతువు అన్న భయం

యుక్తవయస్కులు నిద్రలో స్ఖలనం కావడం సహజం. శుక్రాశయాలు, ప్రోస్టేట్ నిరంతరం ద్రవాన్ని తయారుచేస్తూ ఉంటాయి. నిండినది బయటికి వస్తుంది. నూరు చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అవుతుందన్న నమ్మకానికి శరీరశాస్త్రంలో ఆధారం లేదు. వీర్యం రక్తం నుండి పిండినది కాదు. అందులో ఉన్నది ఎక్కువగా నీరు, కొంత ఫ్రక్టోజు అనే చక్కెర, కొన్ని మాంసకృత్తులు, లవణాలు. ఒక భోజనంతో భర్తీ అయ్యేంత మాత్రమే. హస్తప్రయోగం వలన అంగం చిన్నదవుతుందన్నది, నరాలు చచ్చుబడతాయన్నది కూడా అబద్ధాలే.

ఈ భయంతో నీరసం, నిద్రలేమి, దిగులు కలిగే స్థితికి 1960లో మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ “ధాత్ సిండ్రోమ్” అని పేరు పెట్టారు. నీరసం నిజమైనదే, కారణం మాత్రం వీర్యం పోవడం కాదు, పోతున్నదన్న ఆందోళన. పరీక్షల ముందు పిల్లవాడు చదువు మానేసి, తల్లి పుస్తె తాకట్టు పెట్టిన డబ్బుతో గోడమీద ప్రకటన ఇచ్చినవాని వద్దకు పోయిన సంగతులు నాకు తెలుసు. తండ్రి కొడుకుతో పది నిమిషాలు మాట్లాడితే తీరిపోయే భయం అది. తండ్రికి సంకోచమైతే మేనమామో, ఉపాధ్యాయుడో మాట్లాడాలి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మగ శిశువు పుట్టిన ఆరు నెలలకు కూడా సంచిలో ముష్కం తగలకపోతే వైద్యునికి చూపాలి. ఏడాదిన్నర లోపుననే శస్త్రచికిత్సతో దించాలి. కడుపులోనే ఉండిపోతే ఆ వేడికి కణాల తయారీ దెబ్బతింటుంది, తరువాతి కాలంలో క్యాన్సరు అవకాశం పెరుగుతుంది. స్నానం చేయించే తల్లి, నాయనమ్మ దీనిని ఇంట్లోనే గుర్తించగలరు.

పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ల లోపు బాలునికి అకస్మాత్తుగా ముష్కంలో తీవ్రమైన నొప్పి, వాంతి వస్తే అది ముష్కం మెలిపడడం కావచ్చు. రక్తప్రసరణ ఆగిపోతుంది. ఆరు గంటల లోపు మెలిక విప్పితే అవయవం దక్కుతుంది. ఇది తరచు రాత్రివేళ నిద్రలో మొదలవుతుంది. బిడియంతో తెల్లవారే దాకా ఓర్చుకున్న పిల్లవాడు దానిని పోగొట్టుకుంటాడు. మీ ఇంటి బాలునికి ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంచండి: “అక్కడ నొప్పి వస్తే ఏ వేళైనా నన్ను లేపు.”

ముష్కంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే వెంటనే చూపించాలి. ముష్కపు క్యాన్సరు యువకులలో వచ్చేది, త్వరగా పట్టుకుంటే నయమయ్యేది. సంచి నీరు పట్టి పెరగడం వరిబీజం, జనం బుడ్డ అంటారు. మన కోస్తా ప్రాంతంలో బోదవ్యాధి క్రిముల వల్ల కూడా వస్తుంది. చిన్న శస్త్రచికిత్సతో పోయే దానికి పంచె చాటున దశాబ్దాలు దాచుకున్న వృద్ధులున్నారు. యాభై దాటిన తరువాత ప్రోస్టేట్ పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ధార సన్నగిల్లడం, రాత్రి పలుమార్లు లేవడం వయసు ధర్మమని ఊరుకోకండి. అంగస్తంభన లోపం కొందరిలో మధుమేహానికి, గుండె రక్తనాళాల జబ్బుకు తొలి సూచన. రహస్యంగా మాత్ర కొనుక్కోవడానికి బదులు రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి.

వేసెక్టమీ కోరేవారికి చివరగా ఒక సమాచారం. వివాహితుడై, 22 దాటి 60 లోపు వయసుండి, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒక్కరైనా ఉంటే ప్రభుత్వ నిబంధనల ప్రకారం అర్హత ఉన్నట్లే. ఏటా నవంబరు 21 నుండి డిసెంబరు 4 వరకు ప్రభుత్వం పురుషుల కోసం ప్రత్యేక పక్షోత్సవాలు జరుపుతుంది. మిగిలిన రోజులలో నరసరావుపేటకుగాని, గుంటూరుకుగాని వెళ్లే ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే, శిక్షణ పొందిన వైద్యుడు ఎక్కడ ఉన్నాడో చెబుతారు. భార్యాభర్తలు కలిసి వెళ్లండి, అడగవలసినవన్నీ అడగండి. అడిగేటప్పుడు “అక్కడ” అనకండి. ఈ వ్యాసంలో ప్రతి అవయవానికీ పేరు ఉన్నది. ఆ పేరుతోనే అడగండి.